కడగని రీలు ఎవరిది?

ఫోటోలు తీసి, కడిగించకుండా పెట్టెలో పడేసిన రీలు దొరికితే ఏం చేయాలి? పోయిన నెల మా విద్యార్థి ఒకతను ఈ ప్రశ్నతోనే వచ్చాడు. వాళ్ల తాతగారి ట్రంకు పెట్టెలో బ్లాక్ అండ్ వైట్ రీలు. ఊటీలో తయారైన ఇందు ఫిల్ము. డబ్బా మీద సిరాతో 'చీరాల శిబిరం, 85' అని రాసుంది.

ఆ మాటల బరువు తెలియని కొత్త మిత్రుల కోసం: 1985 జూలై 17న కారంచేడు మాదిగపల్లె మీద కమ్మ భూస్వాములు దాడి చేసి ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్లు ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాల చేరారు. తిరిగి ఆ ఊరికి పోం అన్నారు. ఆ పోరాటంలోంచే దళిత మహాసభ పుట్టింది.

ఫిల్ము మీద వెలుగు పడ్డప్పుడు కంటికి కనబడని బొమ్మ ఏర్పడుతుంది. డెవలపర్‌లో ముంచితేనే అది బయటపడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ వేడికీ తేమకీ ఆ బొమ్మ పలచబడి, ఫిల్మంతా మసకేస్తుంది. కాబట్టి 'తర్వాత చూద్దాంలే' అనడం కూడా నిర్ణయమే. తొందరపడి పాడుచేస్తే రెండో అవకాశమూ లేదు.

ఆశ మాత్రం ఉంది. 1897లో బెలూన్‌లో ఉత్తర ధ్రువానికి బయల్దేరి చనిపోయిన స్వీడన్ యాత్రికుడు ఆండ్రే బృందం ఫిల్ములు 1930లో దొరికాయి. జాన్ హెర్ట్జ్‌బెర్గ్ కడిగితే 240 ఫ్రేముల్లో 93 దక్కాయి. వాటిని మంచు కాపాడింది. మన ట్రంకు పెట్టె కోస్తా ఎండల్లో ఉంది.

అసలు చిక్కు వేరే. ఆ రీల్లో ఎవరున్నారు? దెబ్బలు తిన్న ఆడవాళ్లుండొచ్చు. ఏడుస్తున్న తల్లులుండొచ్చు. పొయ్యి రాజేస్తున్నవాళ్లు, మీటింగులో పిడికిలి ఎత్తినవాళ్లు కూడా ఉండొచ్చు. పత్రికలు మనల్ని ఎక్కువగా శవాలుగానే అచ్చేశాయి. మనవాళ్లు తీసిన బొమ్మ అందుకే విలువైంది. షికాగోలో పిల్లల్ని పెంచే పనిచేసిన వివియన్ మేయర్ రీళ్లు 2007లో అద్దె బాకీ కింద వేలమయ్యాయి. ఆమె పోయాక వాటిని కడిగి ప్రపంచానికి చూపించినవాళ్లు ఆమెకు ఏమీ కారు. పేదవాళ్ల బొమ్మలు పరాయి సొత్తవడం ఇంత సులువు.

నా మాట: కడుగుదాం, కానీ ఒక వరుసలో. పాత ఫిల్ముతో పనిచేసిన అనుభవమున్నవాళ్లకే ఇద్దాం. ముందు రీలు కొసన చిన్న ముక్క కోసి కడిగి చూడాలి. ఒకట్రెండు ఫ్రేములు పోతాయి, మిగతావి దక్కడానికి అది తప్పదు. బొమ్మలొస్తే మొదట చూడాల్సింది కారంచేడు కుటుంబాలు. వాళ్లు వద్దన్న ఫ్రేము బయటికి రాకూడదు. అందులోని మనుషుల పేర్లు వాళ్ల నోటే రాసుకోవాలి.

మీ ఇళ్లలో, సంఘం ఆఫీసుల్లో, చర్చి బీరువాల్లో ఇలాంటి డబ్బాలుంటే తెరవకండి. గాలి చొరని సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. అది ఎవరు తీశారో, ఎక్కడ తీశారో ఆ ఇంటి పెద్దల్ని అడిగి ఇవాళే రాసుకోండి. 85లో ముప్ఫై ఏళ్లున్నవాళ్లకు ఇప్పుడు డెబ్బై.

జై భీమ్.