నేల దగ్గరి ఓజోన్‌ను ముందే ఎలా లెక్కిస్తారు?

పైన ఆకాశంలోని ఓజోన్ మనకు రక్షణ. నేల దగ్గరిది ఊపిరితిత్తులకు ముప్పు. ఇది ఏ పొగగొట్టం నుంచీ నేరుగా రాదు. వాహనాలు, పరిశ్రమల నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు, పెట్రోలు, పెయింట్ల ఆవిర్లు ఎండలో చర్య జరిపితే పుడుతుంది.

అంచనా కోసం ప్రాంతాన్ని గళ్లుగా విభజిస్తారు. ఒక్కో గడిలో వెలువడే వాయువులు, ఎండ, గాలివాటం తీసుకుని కంప్యూటర్ గంటగంటకూ లెక్కగడుతుంది. నగరం పొగ గాలివాటున ఉన్న పల్లెలో ఓజోన్‌గా మారొచ్చు. నగరం నడిబొడ్డున నైట్రోజన్ ఆక్సైడ్లనే కొంత తగ్గిస్తే ఓజోన్ పెరగనూవచ్చు. ఏది ఎక్కడ తగ్గించాలో తేల్చడానికే ఈ లెక్క.

మన దేశంలో 8 గంటల సగటు పరిమితి ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు. సమీర్ యాప్‌లో మీ ఊరి ప్రధాన కాలుష్యకం ఓజోన్ అని కనిపిస్తే, మధ్యాహ్నం ఆరుబయట శ్రమ తగ్గించండి. మామూలు మాస్కు ఈ వాయువును ఆపదు.