కుక్క దగ్గు, డాక్టర్ల బాకీ

మా పమ్మీ దగ్గితే అచ్చం బాతు అరిచినట్టుండేది. రెండు నెలలు బ్రాంకైటిస్ అనుకుని మందులు మింగించాం. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. చివరికి మత్తిచ్చి, నోట్లోంచి సన్నటి కెమెరా గొట్టం దింపితే అసలు సంగతి బయటపడింది. దాని శ్వాసనాళం మెడ దగ్గర, గాలి పీల్చినప్పుడల్లా చప్పిడిగా అణిగిపోతోంది! ఎక్స్‌రే ఒక్క క్షణపు బొమ్మ. రన్ అవుతుంటే తప్ప కనపడని బగ్‌ని మేం స్క్రీన్‌షాట్‌లో వెతికామన్నమాట.

సరే, ఈ గొట్టం కథేంటో చూద్దామని తవ్వాను.

1897లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో గుస్తావ్ కిలియన్ అనే డాక్టరు, ఒక రైతు ఊపిరి దారిలో ఇరుక్కున్న పంది ఎముకని గట్టి గొట్టం దింపి బయటికి తీశాడు. బ్రాంకోస్కోపీకి అదే మొదలు. తర్వాత అమెరికాలో షెవాలియర్ జాక్సన్ ఆ గొట్టం చివర చిన్న బల్బు పెట్టి, పిల్లలు మింగిన పిన్నీసులు, గుండీలు వందలకొద్దీ తీశాడు. అలాంటివి 2,300 పైచిలుకు ఇప్పటికీ ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియంలో ఉన్నాయి.

ఇక్కడే నాకు చురుక్కుమంది. కొత్త డాక్టర్లు ఈ విద్య ఎలా నేర్చుకోవాలో జాక్సన్ 1922 నాటి పుస్తకంలో రాశాడు. శవం మీద, రబ్బరు గొట్టం మీద, ఆ తర్వాత కుక్క మీద. మన భాషలో చెప్పాలంటే, కుక్క టెస్ట్ సర్వర్. పసిపిల్లలు ప్రొడక్షన్.

మరి ఆ కుక్కకి జబ్బు చేస్తే? చాలా ఏళ్ళు ఆగాల్సొచ్చింది. 1954లో మన పంజాబీ నరీందర్ సింగ్ కపానీ, హాప్‌కిన్స్‌తో కలిసి గాజు పోగుల కట్టలోంచి బొమ్మని పంపించి చూపించాడు. 1966లో జపాన్ డాక్టరు షిగెటో ఇకెడా, అదే సూత్రంతో వంగే బ్రాంకోస్కోపుని కోపెన్‌హాగెన్‌లో ప్రదర్శించాడు. కుక్కల వైద్యంలోకి వంగే గొట్టాలు వచ్చేసరికి 1970లు. శ్వాసనాళం ఎంత అణిగిందో నాలుగు గ్రేడులుగా చెప్పే పద్ధతి 1982లో వచ్చింది. పావు వంతు అణిగితే ఒకటి, దాదాపు పూర్తిగా మూసుకుపోతే నాలుగు.

గొట్టం చూడటంతోనే ఆగదు. కాస్త సెలైన్ వదిలి, వెనక్కి లాగి, అందులో కణాల్ని చూస్తే అది ఇన్‌ఫెక్షనో అలర్జీయో అంచనాకొస్తుంది. ఎంతైనా మత్తివ్వాలి కాబట్టి రిస్కు లేకపోలేదు. కానీ "ఎక్కడ నొప్పి?" అంటే చెప్పలేని జీవికి ఇంతకన్నా ఏం చేస్తాం?

ఇప్పుడు మా పమ్మీ మెడకి పట్టీ తీసేసి ఛాతీకి కట్టే బెల్టు వేశాం, బరువు తగ్గించాం. దగ్గు చాలావరకు నెమ్మదించింది. దాని పూర్వీకుల గొంతుల్లో నేర్చుకున్న విద్య, ఇన్నేళ్ళకి దాని గొంతుకే పనికొచ్చింది. బాకీ మొత్తం తీరిందని మాత్రం నేననను.