లకోటామీఁది తపాలాబిళ్ల

సింధుమండలమున 1852వ సంవత్సరము జులై 1వ తేదీని వెలువడిన అర్ధణా బిళ్లలు ఆసియాఖండమున మొదటి తపాలాబిళ్లలు. వానిని ప్రవేశపెట్టినవాఁడు ఆ మండలపు కమిషనరగు బార్టిల్ ఫ్రియరు. అందు ఎఱ్ఱని లక్కబిళ్ల పెళుసగుటచే పగిలిపోయెడిది. తెల్లకాగితముపై రంగులేక యుబ్బెత్తుగా నొత్తిన బిళ్ల దీపపు వెలుతురునఁ గానరాదయ్యెను. కావున నీలిరంగుతో నొత్తిరి. 1854 అక్టోబరున హిందూదేశమున కంతకు నొకేవిధమైన బిళ్లలు రాఁగా నివి యంతరించెను.

ఈ బిళ్లపైఁ గంపెనీవారి హృదయాకారచిహ్నమును వెలయుఁ గలవు గాని సంవత్సరము లేదు. అది యే యూరినుండి యే యూరికి ఎన్నఁడు పోయెనో చెప్పునవి లకోటాయు, దానిపైఁ బడిన ముద్రలును. అయినను సేకరించువారు పలువురు చిరకాలము బిళ్లను నీట నానవేసి యూడఁదీసి పుస్తకమున నతికించుకొనుచుండిరి. రాజముద్రికను మాత్రము దాఁచుకొని తామ్రపత్రములను బాఱవేసిన నెట్లుండును? ఇదియు నట్టిదే.

నిజాము రాష్ట్రమున 1871లో వెలువడిన బిళ్లలపై తెలుఁగులిపియుఁ గలదు. అవి చాలకాలము చెల్లుటచే విడిబిళ్లకుఁ గాలనిర్ణయము దుష్కరము. ముద్ర స్పష్టముగా నున్న లకోటా దొరకినచో ఆ గ్రామమున తపాలాకచేరి యప్పటికే యుండెనని తేలును. చిరునామా తెలుఁగున నున్నదా, పారసీకలిపి నున్నదా యనుట మఱియు విలువైన సంగతి. ఊరిపేరు ఆనాఁడు వ్రాసిన వర్ణక్రమము సయితము అందే దొరకును.