చత్వారం - మీడియం ఫార్మాట్ కెమెరా ఎంపిక

మీడియం ఫార్మాట్ ఫిలిం కెమెరా అనగా సాధారణంగా 120 రకం చుట్ట ఫిలింపై ఫోటోలు తీసే కెమెరా. సుమారు 6 సెం.మీ. వెడల్పు గల ఈ ఫిలింను కొడాక్ సంస్థ 1901లో ప్రవేశపెట్టినది. విజయవాడ, కృష్ణా డెల్టా పట్టణాల స్టూడియోలలో రోలీఫ్లెక్స్, యాషికా వంటి రెండు కటకాల కెమెరాలు ఒకప్పుడు వాడుకలో ఉండేవి. నలభై దాటిన తరువాత కంటి కటకం బిరుసెక్కి చత్వారం వచ్చును. అట్టివారు కెమెరా కటకం కంటె ముందు వ్యూఫైండరును పరీక్షించవలెను.

వ్యూఫైండరు రకాలు

రెండు కటకాల కెమెరాను నడుము వద్ద పట్టుకొని, పైనున్న గరుకు గాజు తెరను తలవంచి చూస్తారు. తెర ఇంచుమించు పుస్తకం చదివే దూరంలో ఉండును గనుక బైఫోకల్ అద్దాల క్రింది భాగం చక్కగా పనికివచ్చును. నిశితమైన ఫోకస్‌కు మూతలోని భూతద్దం ఉన్నది. అయితే తెరపై కుడి ఎడమలు తారుమారగును. ప్రకాశం బ్యారేజీపై కుడికి పోయే బస్సు ఎడమకు పోవుచున్నట్లు కనిపించును. ఇది కొద్ది రోజులలో అలవాటగును. పాత తెరల అంచులలోని మసక చీకటి మాత్రం అలవాటు కాదు, శుక్లాలు మొదలైనవారికి మరీ కష్టం.

మామియా 7 (1995) వంటి రేంజ్‌ఫైండర్‌లో తెర ఉండదు. రెండు ప్రతిబింబాలు ఒకటిగా కలిసిన చాలును. పెంటాక్స్ 645ఎన్ (1997) తానే ఫోకస్ చేయును, కంటి పవరుకు తగినట్లు వ్యూఫైండరును సరిచేసుకొనవచ్చును. కాని లెన్సుతో కలిపి కిలోకు పైగా బరువు.

శుక్లాల శస్త్రచికిత్స తలపెట్టినవారు, ఆ తరువాత కంటి పవరు మారును గనుక, కొత్త అద్దాలు వచ్చిన పిదపనే కెమెరా కొనుట మేలు.