హెచ్910 హార్మొనైజర్

హెచ్910 హార్మొనైజర్ అనునది అమెరికాకు చెందిన ఈవెంటైడ్ సంస్థ 1975లో విడుదల చేసిన ధ్వని యంత్రము. పాట వేగమును మార్చకుండా శ్రుతిని మాత్రమే ఒక స్థాయి వరకు పెంచుటకు లేదా తగ్గించుటకు, అలాగే ధ్వనిని 112.5 మిల్లీసెకన్ల వరకు ఆలస్యముగా వినిపించుటకు ఇది ఉపయోగపడును. వాణిజ్యపరముగా లభించిన తొలి డిజిటల్ శ్రుతిమార్పు యంత్రముగా దీనికి ప్రసిద్ధి కలదు.

చరిత్ర

దీనిని టోనీ ఆగ్నెల్లో రూపొందించాడు. నమూనా యంత్రమును 1974లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ ప్రదర్శనలో చూపారు. పేరులోని 910 అను అంకె బీటిల్స్ పాట "వన్ ఆఫ్టర్ 909"ను చమత్కారముగా సూచించును. తొలి కొనుగోలుదారు సంగీత స్టూడియో కాకపోవడము విశేషము. న్యూయార్కులోని ఒక టెలివిజన్ కేంద్రము "ఐ లవ్ లూసీ" పునఃప్రసారములను కొంత వేగముగా నడిపి, అందువలన హెచ్చిన గొంతుల శ్రుతిని ఈ యంత్రముతో తిరిగి దించినది. ఆ విధముగా మిగిలిన సమయము ప్రకటనలకు దక్కినది.

డేవిడ్ బోవీ "లో" (1977) ఆల్బములో నిర్మాత టోనీ విస్కాంటి స్నేర్ డ్రమ్ము ధ్వనిని దీని గుండా పంపాడు. శ్రుతి తగ్గించిన ధ్వనిని ఫీడ్‌బ్యాక్ ద్వారా మరల యంత్రములోనికే పంపినచో, ప్రతి ఆవృత్తిలో అది మరికొంత దిగజారును. ఆ డ్రమ్ము ధ్వనిని తరువాత ఎందరో అనుకరించారు.

పనిచేయు విధానము

వచ్చిన ధ్వని డిజిటల్ మెమరీలో ఒక వేగముతో వ్రాయబడి, మరొక వేగముతో చదవబడును. శ్రుతిని 1.01 రెట్లు చేసినచో చదువు స్థానము ప్రతి సెకనుకు 10 మిల్లీసెకన్లు ముందుకు జరిగి, చివరకు వ్రాత స్థానమును చేరును. అప్పుడు అది వెనుకకు దూకక తప్పదు. ఉదాహరణకు 30 మిల్లీసెకన్ల మెమరీ ఉన్నచో ఈ దూకుడు 3 సెకన్లకు ఒకసారి వచ్చును. శ్రుతిని పూర్తి స్థాయి పెంచినచో సెకనుకు సుమారు 33 సార్లు వచ్చును. అతుకు ఎక్కడ పడవలెనో హెచ్910కు తెలియదు. కనుక అక్కడ గ్లిచ్ అనబడు చిన్న తడబాటు వినబడును. 1977లో వచ్చిన హెచ్949లో ఈ లోపమును తగ్గించుటకు ప్రయత్నము జరిగినది.

ఆధునిక పునఃసృష్టి

నేటి శ్రుతిమార్పు సాఫ్ట్‌వేరు అతుకులను తరంగరూపము కలియు చోటనే వేయును. కనుక దానితో శుభ్రమైన ధ్వని వచ్చును గాని హెచ్910 ధ్వని రాదు. అందుకు అతుకులు మొరటుగానే ఉండవలెను, మెమరీ చిన్నది కావలెను. శ్రుతి స్థిరముగా నిలువక స్వల్పముగా అటునిటు కదలవలెను. పాత యంత్రములో క్లాక్ కొద్దిగా తడబడుటే ఈ కదలికకు కారణము. ఫీడ్‌బ్యాక్ మార్గము శ్రుతిమార్పు గుండానే పోవుట మరింత ముఖ్యము; వెలుపల విడిగా డిలే అమర్చినచో ప్రతిధ్వనులన్నియు ఒకే శ్రుతిలో ఉండి, మెట్లు దిగు భావము కలుగదు.

గాత్రమును పుష్టిగా వినిపించుటకు రెండు యంత్రములను కలిపి వాడుదురు. ఎడమవైపు 0.99, కుడివైపు 1.01 (సుమారు 17 సెంట్లు) ఉంచి, ఒక్కొక్క దానికి వేర్వేరు ఆలస్యము ఇత్తురు. 2016లో ఈవెంటైడ్ సంస్థయే హెచ్910ను ప్లగిన్ రూపములో విడుదల చేసినది. ఈ జంట వాడుకకు తగిన ద్వంద్వ రూపము కూడ అందులో కలదు.