ఎవరి జుట్టు, ఎవరి నగ?

1649లో ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్‌కు శిరచ్ఛేదం జరిగాక, ఆయన పక్షంవాళ్లు ఆయన గుర్తుగా ఉంగరాలు, లాకెట్లు ధరించారు. కొన్నిటిలో స్ఫటికం కింద చిన్న వెంట్రుకల పాయ ఉండేది. పనితనమంతా కంసాలిదే. వెంట్రుక ఊరికే లోపల దాగిన గుర్తు.

18వ శతాబ్దం చివరికి అదే బొమ్మలు వేసే సరుకైంది. పొడిగా తరిగి, జిగురు కలిపి, దంతపు పలకల మీద సమాధులూ వాటిపైకి వాలిన చెట్లూ చిత్రించేవారు.

నా దృష్టిలో అసలు మలుపు బల్ల అల్లిక. వెంట్రుకలను ముందు సోడా నీళ్లలో మరిగించి జిడ్డు వదిలిస్తారు. పొడవు చూసి ఏరి, లెక్కపెట్టి పాయలు కడతారు. బల్ల గుండ్రంగా, నడిమధ్య రంధ్రంతో ఉంటుంది. ఒక్కో పాయ కొసకు కట్టిన సీసపు కండె బల్ల అంచున వేలాడుతుంది. రెండో కొసలన్నీ కలిపి ముడేసి, రంధ్రంలోంచి కిందికి వదిలి, మరో బరువు కడతారు. ఇక వరస తప్పకుండా పాయల చోట్లు మారుస్తూ పోవాలి. మధ్యలో నిలిపిన సన్నటి కడ్డీ చుట్టూ అల్లిక గొట్టంలా దిగుతుంది. కడ్డీతో సహా మరిగించి, ఆరబెట్టి, కడ్డీ లాగేస్తే ఆకారం అలాగే నిలుస్తుంది. చివర్లకు బంగారు తొడుగు వేయడం తప్ప కంసాలికి పనేం లేదు.

ఈ విద్య స్వీడన్‌లోని దాలార్నా ప్రాంతంలో వోమ్‌హూస్ ఆడవాళ్లకు బతుకుతెరువైంది. వాటాలు పడీ పడీ పొలాలు చిన్న చెక్కలైపోయిన ఊరది. 19వ శతాబ్దంలో అక్కడి అమ్మాయిలు జర్మనీ, రష్యా, ఇంగ్లండ్ దాకా వెళ్లి, అడిగినవాళ్ల జుట్టుతోనే నగలు అల్లిచ్చి, సంపాదన ఇంటికి చేర్చేవారు.

1861లో భర్త ఆల్బర్ట్ పోయాక విక్టోరియా రాణి పాటించిన దీర్ఘ సంతాపం ఈ మోజును ఇంకా పెంచింది. గిరాకీతో పాటే అనుమానమూ పెరిగింది: దుకాణంలో మనమిచ్చిన జుట్టే వాడారా, పొడవుగా ఉందని ఇంకొకరిది కలిపారా? సవరం కొనేటప్పుడు మనం అది ఎవరి జుట్టని అడగం. అక్కడ మాత్రం నగ విలువంతా ఆ ప్రశ్నలోనే ఉంది. 1867లో అమెరికాలో మార్క్ క్యాంప్‌బెల్ ఈ పనిని సొంతంగా నేర్చుకునే పుస్తకం వేశాడు. ఇలాంటివి ముందు పెట్టుకుని చాలామంది ఇంట్లోనే పనికి దిగారు. సన్నటి తీగతో వెంట్రుకలను ఉచ్చులుగా చుట్టి పూలు చేసి, ఇంటిల్లిపాది జుట్టుతో దండలు కట్టి, అద్దాల పెట్టెల్లో గోడకు తగిలించారు.

శతాబ్దం మారేసరికి ఆ మోజు తగ్గింది. 1920లకు ఆడవాళ్లు జుట్టు పొట్టిగా కత్తిరించుకోసాగారు, అల్లికకు పొడవాటి పాయలే కరువయ్యాయి. వోమ్‌హూస్‌లో మాత్రం కొందరు ఇప్పటికీ కమ్మలూ గొలుసులూ అల్లుతున్నారు, అదే తరహా బల్ల మీద.