మెడికల్ సీటు రాలేదా? బైపీసీ విద్యార్థులకు సర్కారు వర్సిటీల్లో దారులివే..

ఎంబీబీఎస్ సీటు రానంత మాత్రాన బైపీసీ చదువు వృథా కాదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్‌తోనే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీలో చేరొచ్చు. దీనికి సీయూఈటీ-యూజీ రాయాలి.

డిగ్రీలో మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ లాంటివి చదివితే తర్వాత ఎమ్మెస్సీ చేయొచ్చు. ఎంట్రన్స్‌లు ఇవీ..

* ఉస్మానియా, కాకతీయ: సీపీగెట్
* ఆంధ్రా, శ్రీవేంకటేశ్వర: ఏపీ పీజీసెట్
* సెంట్రల్ వర్సిటీలు: సీయూఈటీ-పీజీ

రీసెర్చ్ వైపు వెళ్లాలంటే సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ కీలకం. జేఆర్ఎఫ్ వస్తే పీహెచ్‌డీలో తొలి రెండేళ్లు నెలకు రూ.37 వేల ఫెలోషిప్ ఇస్తారు.

ఒక్క విషయం మాత్రం మర్చిపోవద్దు. ఇవి డాక్టర్ కోర్సులు కావు, వీటితో వైద్యం చేయడానికి వీల్లేదు. పని ల్యాబ్‌లు, ఫార్మా కంపెనీలు, టీచింగ్‌లోనే. అలాగే డిగ్రీ గ్రూపు ఎంచుకునే ముందే, మీకు కావాల్సిన ఎమ్మెస్సీకి ఏ సబ్జెక్టులు అడుగుతున్నారో చూసుకోండి. లేదంటే మూడేళ్ల తర్వాత తలుపు దగ్గరే ఆగిపోవాల్సి వస్తుంది.